చారల సీసాలు

పరిశోధనశాలలో నా గది అన్నిటికంటే చివరిది. పై గదుల్లో పెంచినవన్నీ చావడానికి నా దగ్గరికే వస్తాయి. విరిగిన పాలు, రంగు మారిన మాంసం, వాటిలోంచి తీసి గాజు పళ్ళేల్లో పెంచిన క్రిములు, అన్నీ ఒక ట్రాలీ మీద పేర్చి పంపిస్తారు. క్రిములంటే కంటికి కనిపించేవి కావు. గుంపు కట్టాక పళ్ళెం మీద చుక్కల్లా తేలతాయి. కొన్ని వెన్నముద్దల్లా ముద్దుగా ఉంటాయి. ఒక్కో చుక్కలో కోట్ల కొద్దీ ఉంటాయని పై గదిలో వాటిని పరీక్షించే మేడమ్ చెప్పారు. నాకు వాటితో మాటలు లేవు. ఆవిరిలో పెట్టి చంపాలి, పళ్ళేలు కడగాలి, మళ్ళీ పైకి పంపాలి. ముప్పై ఒక్క ఏళ్ళుగా అదే పని.

ఆవిరి పెట్టే యంత్రం మనిషెత్తు ఉంటుంది. ఇనుప కడుపు, పైన గుండ్రటి మూత, మూత చుట్టూ ఎనిమిది మరలు. అందరూ దాన్ని పెద్దమ్మ అంటారు. నాకంటే ముందే ఆ గదిలోకి వచ్చింది కాబట్టి నేనూ ఆ మర్యాద ఇస్తాను.

"మీ ఇద్దరిలో ఎవరు ఎక్కువ మాట్లాడతారు బాబాయ్?" అని వాచ్‌మన్ రోజూ అడుగుతాడు.

పెద్దమ్మే. అందులో సందేహం లేదు.

పెద్దమ్మ కింద మంట పెట్టగానే ఆవిరి మొదలవుతుంది. కానీ మూత మీదున్న చిన్న గొట్టాన్ని వెంటనే మూయకూడదు. లోపలున్న గాలి మొత్తం ముందు బయటికి పోవాలి. మొదట తుప్పుతుప్పుమని ఉమ్మినట్టు వస్తుంది. అది గాలి. పది నిమిషాలకి ఎక్కడా తెగకుండా ఒకే సన్నటి బుసలా వస్తుంది. అది ఆవిరి. అప్పుడు మూయాలి. గాలి లోపలే ఉండిపోతే ఒత్తిడి కొలిచే ముల్లు పదిహేను పౌన్లు చూపిస్తుంది గాని, రావలసిన వేడి రాదు. ఇదంతా గోడ మీద కాగితంలో రాసి ఉంది. మూడో తరగతి చదువుతో అంత పొడుగు కాగితం చదవడానికి నాకు పూట పడుతుంది, అందుకని చదవలేదు. నాకు పని నేర్పినాయన నా తల పట్టుకుని గొట్టం పక్కన పెట్టి, "విను" అన్నాడు. విన్నాను. ఆ రోజు నుంచి నా చెవి వింటుంది, నా చెయ్యి మూస్తుంది. మధ్యలో నేను లేను.

ఇంకొకటి, చారల పట్టీ. తెల్లటి కాగితం పట్టీ, వెనక జిగురు. ఆవిరిలోకి పోయే ప్రతి మూటకీ ముక్క అంటిస్తాం. వేడి తగిలితే దాని మీద ఏటవాలుగా నల్లటి చారలు లేస్తాయి. చార లేస్తే ఆవిరి తగిలినట్టు. ఎంతసేపు తగిలిందో, సరిపడా తగిలిందో ఆ చార చెప్పదు. అది కూడా నాకు తెలుసు. తెలిసినవన్నీ నోటిదాకా రావాలని ఎక్కడుంది.

మా కోడలు చిక్కుడు గింజలు వెల్లుల్లి నూనెలో వండి సీసాల్లో పెట్టి అమ్ముతుంది. కొడుకు లారీ మీద పోతే నెలకి నాలుగు రోజులు ఇంట్లో ఉంటాడు. మిగతా ఇరవై ఆరు రోజులు ఇంటిని నడిపేది ఆ సీసాలే. కోడలి నోరు పెద్దది, చెయ్యి మంచిది. మొదటి వేసవిలో సీసాలు పొంగిపోయాయి. మూత తీస్తే వాసన. ఏడ్చే రకం కాదు, నా మీద పడింది.

"మామయ్యా, రోజూ అంత ఆవిరి పెట్టే మనిషి ఇంట్లో ఉండి కూడా నా సీసాలు ఇలా తగలడాలా? ఒక్క మాట చెప్తే ముత్యాలు రాలతాయా?"

"పెద్ద కుక్కర్ కొను," అన్నాను.

"కొన్నాక?"

"పదిహేను పౌన్లు. ముప్పావు గంట."

"అంతేనా?"

"అంతే."

ఆ 'అంతే' ఇప్పటికీ నా గొంతులో ఎముకలా ఉంది.

పరిశోధనశాలలో వాడేసిన పట్టీ చుట్టలో చివర మిగిలిన ముక్కలు చెత్తలోకి పోతాయి. వాటిని తెచ్చి ఇచ్చాను. కోడలికి తెగ నచ్చాయి. మూత మీంచి సీసా మెడదాకా ఒక ముక్క అంటించి కుక్కర్‌లో పెట్టేది. చారలు లేచాక పిల్ల నడక చూసినంత సంబరపడేది. కొనేవాళ్ళు కూడా 'చారల సీసా' ఉందా అని అడగడం మొదలుపెట్టారు.

"నా వంట కంటే మీ పట్టీకే పేరొచ్చింది మామయ్యా," అనేది.

గ్యాసు ఆదా అవుతుందని కుక్కర్ మూత పెట్టిన మరుక్షణం దాని మీద విజిల్ బరువు పెట్టేసేది. గాలి పోనిచ్చేది కాదు. నేను ఎదురుగా స్టూలు మీద కూర్చుని టీ తాగుతూ చూశాను. ఒక్కసారి కాదు, రెండేళ్ళు చూశాను. పెద్దమ్మ దగ్గరైతే నా చెవి ఊరుకునేది కాదు. ఇంట్లో నా చెవికి సెలవు.

ఆ గురువారం పొద్దున పదకొండుకి ఆసుపత్రి నుంచి ఒక మూట వచ్చింది. దాన్ని తీసుకున్నది మేడమ్. ఆవిడని అందరూ వెనకాల భూతద్దం అంటారు, ముందు మేడమ్ అంటారు. పదేళ్ళుగా ఒక్క క్రిమి వెంట పడ్డారు. గాలి పడని క్రిమి అది. గాలి తగిలితే ముడుచుకుని గింజలా గట్టిపడి పడుకుంటుంది. మామూలుగా మరిగించినా ఆ గింజ చావదు. గాలి లేని చోటు దొరికితే మొలకెత్తి విషం కక్కుతుంది. ఆ విషానికి వాసన ఉండదు, రుచి ఉండదు.

"మూత బిగించిన సీసా అంటే దానికి ఇల్లు కట్టి తాళం చేతికిచ్చినట్టే పెద్దాయనా," అని ఒకసారి చెప్పారు.

పళ్ళేలు ఇవ్వడానికి పైకి వెళ్ళినప్పుడు అద్దంలోంచి ఆ మూట విప్పడం చూశాను. లోపల సంచీ, ఆ లోపల ఇంకో సంచీ, దాని లోపల సీసా. సగం ఖాళీ. మెడ మీద తెల్లటి పట్టీ, పట్టీ మీద ఏటవాలు చారలు. కోడలు పట్టీ చివర ఎప్పుడూ కొంచెం మడిచి పెడుతుంది, తీయడానికి వీలుగా. ఆ మడత కూడా ఉంది.

పళ్ళేలు పక్క బల్ల మీద పెట్టి తలుపు తీశాను.

"ఎవరు తిన్నారమ్మా?" అని అడిగాను.

మేడమ్ తలెత్తి చూశారు. నేను అడగడం కొత్త. "బస్సు డిపో పక్కన టైలరు. మొన్న రాత్రి తిన్నాడు. నిన్న సూదిలో దారం ఎక్కించబోతే రెండు సూదులు కనిపించాయట. తర్వాత రెప్పలు వాలిపోయాయి. తర్వాత మింగుడు పడలేదు. ఇప్పుడు మిషనే ఊపిరి పీలుస్తోంది. తెలివి మాత్రం ఉంది. అన్నీ వినిపిస్తాయి, వేలు కూడా కదపలేడు."

ఆ టైలరు నా చొక్కాలు కుట్టేవాడు. మెడ కొలత తీస్తూ, "మాట్లాడితే కొలత తప్పుతుంది, మీరైతే ఆ బాధ లేదు" అని నవ్వేవాడు.

మేడమ్ సీసాలో నూనెనీళ్ళు పిండి మూడు భాగాలు చేశారు. మూడు ఎలుకలకి సూదితో ఎక్కించారు. మొదటిదానికి ఉన్నది ఉన్నట్టు. రెండోదానికి మరిగించి చల్లార్చింది. మూడోదానికి విరుగుడు మందు కలిపింది. సీసాలో ఉన్నది ఆ విషమే అయితే మొదటిది పోతుంది, మిగతా రెండూ ఉంటాయి. గింజ చావకపోయినా విషం మాత్రం మరిగిస్తే విరిగిపోతుంది. ఇక చూస్తూ కూర్చోవడమే.

పన్నెండున్నరకి అందరినీ పిలిచారు.

"ఈ పట్టీ కొట్లో దొరికే సరుకు కాదు. ఇలాంటి చోట్ల నుంచే పోయుండాలి. ఎవరికైనా తెలుసా?"

"నన్ను చూడకండి మేడమ్," అన్నాడు వాచ్‌మన్. "నా చెప్పు తెగితే తాడుతో కట్టుకునే మనిషిని."

అందరూ నవ్వారు. నేను నా టిఫిన్ గిన్నె మూత చూస్తున్నాను.

"తెలియనివాళ్ళయితే ఇంతదాకా రారు," అన్నారు మేడమ్, నవ్వకుండా. "కుక్కర్ వాడారు, పట్టీ వాడారు. గాలి పోనివ్వలేదు, అంతే అయుంటుంది. సగం తెలిసిన పని ఇది. వాళ్ళ దగ్గర ఇంకెన్ని సీసాలు ఉన్నాయో, ఎవరి ఇంట్లో ఉన్నాయో. దొరికేలోపు ఇంకొకరు మూత తీస్తారు."

నాకు తెలుసు ఎన్ని ఉన్నాయో. ఆ వాయి పన్నెండు సీసాలు. మూడు వారాలు వేడి పట్టిన అలమారాలో ఉండి, ఆదివారం నాడే మొదటిసారి బయటికి వచ్చాయి. ఒకటి టైలరు కొన్నాడు. పది అలమారాలోనే ఉన్నాయి. ఒకటి మా అక్క దగ్గర ఉంది. నా చేతులతో నేనే తీసుకెళ్ళి ఇచ్చాను.

కింద గదికి వచ్చి పెద్దమ్మ ముందు కూర్చున్నాను. నోరు విప్పితే కోడల్ని స్టేషన్‌కి పిలుస్తారు. కొడుకు ఎక్కడో రోడ్డు మీద ఉన్నాడు. పట్టీ దొంగ నేనే అవుతాను. విప్పకపోతే? అయిదింటికి పని అయిపోతుంది. ఇంటికి పోయి పది సీసాలూ మూట కట్టి తెస్తాను. పెద్దమ్మ కడుపులో గంటన్నర పెడతాను. దారిలో అక్క ఇంటికి వెళ్ళి ఆ ఒక్కటీ తీసుకుంటాను. ఎవరికీ తెలియదు. టైలరుకి మందు ఎలాగూ ఇస్తున్నారు.

అక్కకి ఫోన్ చేద్దామా అనుకున్నాను. జేబులోనే ఉంది ఫోన్. కానీ అక్క చెవిలో పడితే అరగంటలో వీధంతా మోగిపోతుంది. పైగా అక్క మంచి వస్తువేదైనా ఆదివారం కోసం దాస్తుంది. చిన్నప్పుడు పిప్పరమెంటు బిళ్ళ ఇస్తే ఆదివారం దాకా దిండు కింద పెట్టుకునేది, చీమలు తినిపోయేవి. ఇవాళ గురువారం. ఇంకా మూడు రోజులుంది.

అలా సర్ది చెప్పుకుని, గాజు పళ్ళేలు కడుక్కుంటూ కూర్చున్నాను. మూడింటిదాకా.

మూడింటికి ట్రాలీ కోసం పైకి వెళ్ళాను. ఎలుకల గది తలుపు ఓరగా తీసి ఉంది. రెండోది, మూడోది గింజలు కొరుకుతున్నాయి. మొదటిది మూలన పడుకుని ఉంది. దాని నడుం కందిరీగ నడుంలా లోపలికి పీక్కుపోయింది. ఊపిరి కోసం కడుపుని లోపలికి లాగుతోంది, వదులుతోంది, లాగుతోంది. రొమ్ము కదలడం లేదు. కళ్ళు మాత్రం నన్నే చూస్తున్నాయి. తెలివి ఉంటుందన్నారు కదా.

మెట్ల మీదే నిలబడి అక్కకి ఫోన్ చేశాను.

"ఒరేయ్, నువ్వే చేశావా?" అంది అక్క. "ఎవరు పోయార్రా?"

"ఎవరూ పోలేదు. అక్కా, ఆ సీసా ఉందా?"

"ఏ సీసా?"

"చారలది."

"ఉంది, సగం ఉంది. మధ్యాహ్నం ఒంటిగంటకి రొట్టెతో లాగించాను. బ్రహ్మాండంగా ఉందిరా."

"ఆదివారం దాకా ఆగుతావనుకున్నాను."

"నువ్వేగా అన్నావు, 'దాచకు, వెంటనే తినేయ్' అని. పదేళ్ళకోసారి నోరు తెరిచి ఒక మాట చెప్తావు, అది కూడా వినకపోతే ఎలా?"

నిజమే. ఆదివారం గుమ్మంలో నిలబడి ఆ మాట అన్నాను. చెప్పవలసిన మాట చెప్పలేదు, అక్కర్లేని మాట ఒకటి చెప్పాను.

"వేడి చేసుకున్నావా?"

"చల్లగానే బాగుంటుందని నీ కోడలే చెప్పిందిగా. ఏమైందిరా, గొంతు అలా ఉంది?"

"ఇంట్లోనే ఉండు. వస్తున్నాను. ఆ సీసా ముట్టుకోకు."

మేడమ్ గదిలోకి వెళ్ళి అంతా చెప్పాను. కోడలు, కుక్కర్, పట్టీ, పన్నెండు సీసాలు, అక్క. నా జన్మలో ఒకేసారి అన్ని మాటలు మాట్లాడింది అదే. ఆవిడ నన్ను తిట్టలేదు. రెండే ప్రశ్నలు వేశారు.

"ఎన్ని గంటలకి తిన్నారు?"

"ఒంటిగంటకి."

"మీకు ఎప్పుడు తెలిసింది?"

"పదకొండుకి."

ఆవిడ గోడ గడియారం చూశారు. తర్వాత ఫోన్ తీసుకుని ఆసుపత్రికి చేశారు.

అలమారాలో సీసాలు పదీ అలాగే ఉన్నాయి. పరిశోధనశాల బండిలో తెప్పించారు. అక్కని నేనే ఆసుపత్రికి తీసుకెళ్ళాను. నడుచుకుంటూ వచ్చింది, లిఫ్టులో అద్దం చూసి జుట్టు సర్దుకుంది. "నాకేం రోగం, గుండ్రాయిలా ఉన్నాను," అని డాక్టరుతో వాదించింది. డాక్టరు కుర్రాడే, గంభీరంగా ఉన్నాడు. నన్ను వసారాలోకి పిలిచాడు.

"ఉన్న విరుగుడు మందు టైలరుకి ఇచ్చేశాం. ఇంకోటి పెద్ద ఆసుపత్రి నుంచి రోడ్డు మీద బయల్దేరింది. రేపు పొద్దుటికి వస్తుంది. నరాలని పట్టుకున్న విషాన్ని అది విడిపించలేదు. ఇంకా పట్టుకోనిదాన్ని మాత్రమే ఆపుతుంది. మీరు పక్కనే ఉండండి. గంటగంటకీ వేళ్ళు చూపించి లెక్కపెట్టమనండి. రెప్పలు చూస్తుండండి. గొంతు మారుతుందేమో వినండి. మాట్లాడిస్తూనే ఉండండి."

మాట్లాడించమని నాకు చెప్పాడు.

కోడలు పరిగెత్తుకుంటూ వచ్చింది. కొంగు పిడికిట్లో పట్టుకుని నా ఎదురుగా నిలబడింది.

"మామయ్యా, మీరు చెప్పినట్టే చేశానుగా. పదిహేను పౌన్లు, ముప్పావు గంట. ఒక్క నిమిషం తగ్గించలేదు. చారలు కూడా లేచాయి."

"బరువు ముందే పెట్టకూడదు. గాలి పోవాలి."

"రెండేళ్ళు ఎదురుగా కూర్చుని టీ తాగారు," అంది. "ఈ మాట ఇప్పుడా చెప్పేది?"

ఎదురు గది అద్దంలోంచి టైలరు మంచం కనిపిస్తోంది. కోడలు అటు చూసి గోడకి ఆనుకుని కూర్చుండిపోయింది.

నేను అక్క మంచం పక్కన స్టూలు వేసుకున్నాను. చెయ్యెత్తాను.

"ఎన్ని?"

"మూడు."

గంటకి మళ్ళీ.

"ఎన్ని?"

"రెండు. నీ గోళ్ళు కత్తిరించుకోరా."

మాట్లాడాలి కాబట్టి మాట్లాడాను. ఏం మాట్లాడాలో తెలియక పెద్దమ్మ గురించి చెప్పాను. గాలి ఎలా ఉమ్ముతుందో, ఆవిరి ఎలా బుసకొడుతుందో, గొట్టం ఎప్పుడు మూయాలో, అంతా వివరంగా చెప్పాను. అక్క ఆవులించింది. ఆవులిస్తే భయపడి రెప్పలు చూశాను.

"నిద్రరా మొద్దూ," అంది. "ఇంత వాగుడు ఇన్నేళ్ళు ఎక్కడ దాచావు? నీ నోరు మూయించడానికైనా నాకు జబ్బు చేసేటట్టుంది."

మళ్ళీ చెయ్యెత్తాను. రెండు వేళ్ళు.

"నాలుగు," అంది అక్క.

స్టూలు వెనక్కి పడింది. నర్సు కోసం గంట నొక్కబోతుంటే అక్క కడుపు పట్టుకుని నవ్వింది.

"రెండేరా, రెండే. నీ మొహం చూడాలి!"

చిన్నప్పుడూ అంతే. చచ్చిపోయినట్టు పడుకుని, నేను ఏడుపు మొదలుపెట్టాక లేచి నవ్వేది. ఆ రాత్రి కూడా నాకు కోపం రాలేదు. నవ్వడానికి మొహం కదులుతోంది కదా అనుకున్నాను.

తెల్లవారింది. కిటికీ తెర పసుప్పచ్చగా మారింది. మందు బండి ఊరి పొలిమేర దాటిందని నర్సు వచ్చి చెప్పింది, ఇంకో గంటలో వస్తుందట. అక్క మంచినీళ్ళు అడిగింది. గ్లాసు ఇచ్చాను. ఒక గుక్క తాగి, కాసేపు నోట్లోనే ఉంచుకుని, అప్పుడు మింగింది. గ్లాసు బల్ల మీద పెట్టబోయి బల్ల పక్కన పెట్టింది. కింద పడి బద్దలైంది.

చెయ్యెత్తాను. రెండు వేళ్ళు.

అక్క తల కొంచెం వెనక్కి వంచి, గడ్డం పైకెత్తి, రెప్పల కింది నుంచి చూసినట్టు చూసింది. చాలాసేపు చూసింది.

"నాలుగు," అంది. మాట ముక్కులోంచి వచ్చింది.

నేను ఎదురుచూశాను. పొద్దున్నే ఈ వేషాలేంటక్కా అందామని నోరు తెరిచాను.

అక్క నవ్వలేదు.

గంట నొక్కాను.